బీఎస్సీ రెండో ఏడాది, కెమిస్ట్రీ: వేసవికి రీసెర్చ్ ల్యాబ్‌లో చోటు దొరకాలంటే? (హైదరాబాద్)

ఎంపీసీ_మూడోసెమ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. సిటీలోనే ఓయూ అనుబంధ కాలేజీలో బీఎస్సీ చదువుతున్నాను. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ గ్రూపు, ఇప్పుడు మూడో సెమిస్టర్. సీజీపీఏ 8.1. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇష్టం. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాయాలనుకుంటున్నాను. దానికంటే ముందే ఒక నిజమైన రీసెర్చ్ ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేసి చూడాలని ఉంది.

మా కాలేజీలో ఉన్నవి బ్యూరెట్లు, పిపెట్లు, ఒక కలరీమీటర్, ఒక పీహెచ్ మీటర్. అంతే. అణువు నిర్మాణం తెలిపే ఎన్‌ఎంఆర్ యంత్రాన్ని పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదు. ఇలాంటి కాలేజీ నుంచి వెళ్తే సెంట్రల్ యూనివర్సిటీ హెచ్‌సీయూలోనో, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనో అసలు రానిస్తారా? మెయిల్ ఎలా రాయాలి, ఎప్పుడు రాయాలి? ల్యాబ్‌లో మొదట ఏం చేయమంటారు? ఇంకోటి, 45 రోజుల ‘రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’, సర్టిఫికెట్‌తో సహా ఇంత ఫీజు అని వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలు వస్తున్నాయి. అవి పనికొస్తాయా?

తార్నాక_టీఎల్‌సీ

చివరి ప్రశ్నకు ముందు జవాబు: పనికిరావు. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలోనో పీహెచ్‌డీ ఇంటర్వ్యూలోనో సర్టిఫికెట్ వైపు ఎవరూ చూడరు. “ఏ రియాక్షన్ పెట్టావు, యీల్డ్ (చేతికొచ్చిన పదార్థం) ఎంత, ఎందుకు తగ్గింది” అని అడుగుతారు. ఆ మూడింటికీ జవాబు లేకపోతే బంగారు అంచున్న సర్టిఫికెట్ ఉన్నా ఒకటే. కొన్ని పేరున్న సంస్థలు కూడా ప్రాజెక్టు విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటాయి, అది వేరే సంగతి. అక్కడ గైడ్ పేరు, ల్యాబ్ నంబరు, పని ముందే తెలుస్తాయి. ఇవి చెప్పకుండా డబ్బు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

ఇక క్యాలెండర్. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఏప్రిల్‌లో పరీక్షల మధ్య గుర్తొచ్చి మెయిల్ పెడితే అప్పటికే ల్యాబుల్లో బెంచీలు నిండిపోయి ఉంటాయి. వేసవి పనికి ముందటి నవంబరులోనే కదలాలి.

మొదట చూడాల్సింది బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. రెండు నెలలు, స్టైపెండ్ ఇస్తారు. దరఖాస్తులు మామూలుగా అక్టోబరు, నవంబరు ప్రాంతంలో తీసుకుంటారు. ఇందులో రెండుచోట్ల పడిపోతారు. ఒకటి, ఏం చేయాలనుకుంటున్నారో రాసే చిన్న వివరణ. “కెమిస్ట్రీ అంటే చిన్నప్పటి నుంచి ప్రాణం” అని మొదలుపెడితే చదివేవాళ్లు అక్కడే ఆపేస్తారు. ఒక రియాక్షనో ఒక పదార్థమో తీసుకుని, అందులో ఇంకా తేలని సంగతి ఏమిటో, మీరు ఏం కొలుస్తారో రాయాలి. రెండోది, మీ లెక్చరర్ ఆన్‌లైన్‌లో పంపాల్సిన సిఫారసు. అది చేరకపోతే దరఖాస్తు అసంపూర్తి. సార్‌కి లింకు వచ్చిందో లేదో, స్పామ్‌లో పడిందేమో మీరే దగ్గరుండి చూసుకోండి. గడువుకు వారం ముందే గుర్తుచేయండి, మొహమాటపడకండి.

కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వస్తున్నవాళ్లకు ఒక మాట. ఏడాదికి 80,000 రూపాయల్లో 60,000 నేరుగా మీకు, మిగతా 20,000 వేసవి ప్రాజెక్టు మెంటార్‌షిప్ కింద. ప్రాజెక్టు చేసి నివేదిక, గైడ్ సర్టిఫికెట్ పెట్టాలి. మీకు ఉంటే ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌లో చెప్పండి. మీ కోసం డబ్బు వెతకాల్సిన పని ఆయనకు తప్పుతుంది.

ముంబయిలో హోమీ భాభా సెంటర్ నడిపే ఎన్‌ఐయూఎస్ కెమిస్ట్రీ కార్యక్రమం కూడా బీఎస్సీ వాళ్ల కోసం పెట్టిందే. మొదట క్యాంపు, తర్వాత ఎంపికైనవాళ్లకు ప్రాజెక్టు. ఐఐటీ హైదరాబాద్‌కు ‘ష్యూర్’ అని వేసవి కార్యక్రమం ఉంది. నోటిఫికేషన్ రాగానే అర్హతల్లో మీ కోర్సు, మీ సంవత్సరం ఉన్నాయో లేదో చూసుకుని అప్లై చేయండి. క్యాంపస్ కంది దగ్గర, సంగారెడ్డి వైపు. సిటీ తూర్పు నుంచి రోజూ వెళ్లి రావడం జరిగే పని కాదు. హాస్టల్ ఇస్తారో లేదో ముందే అడగండి.

సిటీలో నేరుగా మెయిల్ పెట్టదగినవి: గచ్చిబౌలిలో హెచ్‌సీయూ స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ, తార్నాకలో ఐఐసీటీ, గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్, శామీర్‌పేట వైపు బిట్స్ క్యాంపస్, బాలానగర్‌లో ఫార్మా విద్యాసంస్థ నైపర్. మనవాళ్లు ఎందుకో మరిచిపోయేది ఓయూ క్యాంపస్‌లోని కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్. మీది అనుబంధ కాలేజీయే కదా, మీ లెక్చరర్లలో సగంమంది అక్కడ పీహెచ్‌డీ చేసినవాళ్లే ఉంటారు. పరిచయం అక్కడే ఉంది.

ఫ్యూమ్‌హుడ్_పక్కన

మెయిల్ సంగతి నేను చెప్తాను.

ఒక ప్రొఫెసర్‌కు వారానికి ఇలాంటి మెయిళ్లు పదుల్లో వస్తాయి. అందులో చాలావాటి మొదటి వాక్యం ఒకటే: “మీ అద్భుతమైన పరిశోధన నన్ను ఎంతో ప్రభావితం చేసింది.” ఏ పరిశోధనో ఉండదు. ఏఐతో రాయించినవైతే ఇంకా తేలిగ్గా దొరికిపోతాయి, నలుగురి పేరాలు నాలుగూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి.

ఇంగ్లీషులో 150 నుంచి 200 పదాలు చాలు. సబ్జెక్ట్ లైన్‌లో మీ కోర్సు, సంవత్సరం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలరో ఉండాలి. మొదటి రెండు వాక్యాల్లో మీరెవరు, ఏ కాలేజీ. తర్వాత ఆ ల్యాబ్ నుంచి గత రెండు మూడేళ్లలో వచ్చిన ఒక పేపర్ పేరు చెప్పి, అందులో మీకు అర్థమైన ఒక్క సంగతి, అర్థంకాని ఒక్క సంగతి రాయండి. ఉదాహరణకు, “టేబుల్ 1లో సాల్వెంట్ టోలుయీన్ నుంచి డీఎంఎఫ్‌కి మారితే యీల్డ్ సగానికి పడిపోయింది, క్యాటలిస్ట్‌కు డీఎంఎఫ్ అతుక్కోవడం వల్లా?” ఇలాంటి ఒక్క ప్రశ్న మీ సీజీపీఏ కంటే బలంగా పనిచేస్తుంది. బీఎస్సీ విద్యార్థికి పేపర్ మొత్తం అర్థం కాదని వాళ్లకూ తెలుసు. ఏ పరిస్థితుల్లో ఎంత యీల్డ్ వచ్చిందో చూపే ఆ ఆప్టిమైజేషన్ టేబుల్ చదివారని తెలిస్తే చాలు.

చివర్లో, చేత్తో ఏం చేయడం వచ్చో నిజాయితీగా: టైట్రేషన్, రీక్రిస్టలైజేషన్, మెల్టింగ్ పాయింట్. రానిది వచ్చని రాయకండి, మొదటి రోజే తెలిసిపోతుంది. ఒక పేజీ సీవీ, మార్కుల మెమో కలిపి ఒకే పీడీఎఫ్. ఫైలు పేరు మీ పేరుతో ఉండాలి, ‘న్యూ డాక్యుమెంట్ 3’ అని కాదు.

పదిమందికి ఒకే మెయిల్ కాపీ పెట్టడం ఆత్మహత్యే. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరికి ఒకేసారి కూడా వద్దు, వాళ్లు క్యాంటీన్‌లో కలుస్తారు. జవాబు రాకపోతే పది రోజులకు అదే మెయిల్ కింద రెండు వాక్యాల గుర్తు. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి. రాకపోవడానికి సగం కారణాలు మీతో సంబంధం లేనివి: గ్రాంట్ అయిపోవడం, ఆవిర్లు లాగేసే ఫ్యూమ్ హుడ్ రిపేరు, ఉన్న స్కాలర్లకే చోటు చాలకపోవడం.

కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకు రాయండి. పెద్ద పేరున్న ల్యాబ్‌లో మిమ్మల్ని ఒక స్కాలర్‌కు అప్పగిస్తారు, ఆ స్కాలర్‌కు తన థీసిస్ గోల. కొత్త ల్యాబ్‌లో చేతులు తక్కువ, పని ఎక్కువ. గైడే పక్కన నిలబడి నేర్పుతారు.

సరే అన్నాక కాగితాలు: బోనఫైడ్, ప్రిన్సిపాల్ ఇచ్చే ఎన్‌ఓసీ, ఆధార్, ఫొటోలు. ప్రభుత్వ ల్యాబుల్లో గేటు పాసుకు రోజులు పడుతుంది, చేరే తేదీకి రెండు వారాల ముందే పంపండి. ఓయూ సెమిస్టర్ పరీక్షలు ఒక్కోసారి మేలోకో జూన్‌లోకో జరుగుతాయి. ‘మే 1 నుంచి’ అని గట్టిగా రాసి తర్వాత జారిపోకండి. ‘పరీక్షలు ముగిసిన మూడో రోజు నుంచి ఎనిమిది వారాలు’ అనండి.

ఎంపీసీ_మూడోసెమ్

చాలా థ్యాంక్సండీ. టేబుల్ 1 సలహా బాగుంది, ఇంతవరకూ అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే చదివేదాన్ని. మరి ల్యాబ్‌లోకి వెళ్లాక మొదటి వారం ఏం చేయమంటారు? ముందే ఏం నేర్చుకుని వెళ్తే బాగుంటుంది?

సిలికా_100_200

మొదటి వారం గ్లాస్‌వేర్ కడగమంటారు. నవ్వుకోకండి, ఎలా కడుగుతారో చూసే మిగతా పని ఇస్తారు. తర్వాత టీఎల్‌సీ (ప్లేటు మీద పదార్థాలను చుక్కలుగా విడదీసి చూడటం), వర్కప్ (రియాక్షన్ అయ్యాక కడిగి పదార్థాన్ని బయటికి తీయడం), కాలమ్ (సిలికా నింపిన గొట్టంలో శుద్ధి చేయడం), ఎన్‌ఎంఆర్ శాంపిల్. ఆర్గానిక్ ల్యాబ్‌లో బీఎస్సీ వాళ్ల రోజులు ఈ నాలుగింటి చుట్టే తిరుగుతాయి.

టీఎల్‌సీ. చుక్క ఎంత చిన్నగా పెడితే అంత మంచిది, 2 మి.మీ. దాటకూడదు. పెన్సిల్ గీత కింది అంచుకు 1 సెం.మీ. పైన, చాంబర్‌లో సాల్వెంట్ ఎత్తు అర సెం.మీ. లోపల. చుక్క సాల్వెంట్‌లో మునిగితే పదార్థం కిందికే కరిగిపోతుంది, ప్లేటు మీద ఏమీ కనపడదు. మూడు చుక్కలు పెట్టాలి: మొదటి పదార్థం, రియాక్షన్ మిశ్రమం, మధ్యలో రెండూ ఒకదానిమీద ఒకటి. 254 నానోమీటర్ల యూవీ కింద చూసి, తర్వాత అయోడిన్‌లోనో పర్మాంగనేట్‌లోనో పెట్టాలి. యూవీలో కనపడనివి చాలా ఉంటాయి. అమీన్లు తోకలా సాగుతాయి. సాల్వెంట్‌లో 1 శాతం ట్రైఇథైలమీన్ కలిపితే గుండ్రంగా వస్తాయి.

కాలమ్. మీకు కావాల్సిన చుక్క ఆర్ఎఫ్ (సాల్వెంట్ వెళ్లిన దూరంలో చుక్క వెళ్లిన భాగం) 0.3 దగ్గర వచ్చే హెక్సేన్, ఇథైల్ అసిటేట్ నిష్పత్తి ముందు టీఎల్‌సీలో తేల్చుకోండి. 500 మి.గ్రా. క్రూడ్‌కు (ఇంకా శుద్ధి చేయని పదార్థానికి) 100–200 మెష్ సిలికా 20 గ్రాములు, అంటే 40 రెట్లు. 2 సెం.మీ. వెడల్పు కాలమ్‌లో అది దాదాపు 13 సెం.మీ. ఎత్తు వస్తుంది. చుక్కలు దగ్గర దగ్గరగా ఉంటే ఇంకా సిలికా, దూరంగా ఉంటే తక్కువ. పొడి సిలికా మీద సాల్వెంట్ పోస్తే వేడెక్కి బుడగలొస్తాయి. అందుకే హెక్సేన్‌లో కలిపి జావలా పోయాలి. కాలమ్ పైభాగం ఒక్కసారి ఎండిందా, పగుళ్లు. ఆ పగుళ్లలోంచి మిశ్రమం జారిపోయి రెండు కాంపౌండ్లూ కలిసే వస్తాయి. మధ్యలో భోజనానికి వెళ్లకండి.

ఎన్‌ఎంఆర్ శాంపిల్. ప్రోటాన్‌కు 5 నుంచి 10 మి.గ్రా., కార్బన్‌కు 20 పైన, డ్యూటరేటెడ్ క్లోరోఫాం 0.6 మి.లీ. ఎక్కువ పోస్తే పలచన, తక్కువ పోస్తే షిమ్మింగ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమానం చేయడం) కుదరదు, పీకులు లావెక్కుతాయి. దుమ్ము తేలుతుంటే పాశ్చర్ పిపెట్‌లో చిన్న దూది ముక్క పెట్టి వడకట్టండి. ఇక మొదటి స్పెక్ట్రమ్ రాగానే అందరూ కంగారుపడే పీకులు కాంపౌండ్‌వి కావు. 7.26 పీపీఎం దగ్గర క్లోరోఫాం. 1.56 నీరు. 5.30 డైక్లోరోమీథేన్. 2.17 ట్యూబు కడిగిన అసిటోన్. 1.26, 2.05, 4.12 మూడూ కలిసి ఉంటే ఇథైల్ అసిటేట్, అంటే పంపు మీద సరిగ్గా ఆరలేదు. 0.86, 1.26 దగ్గర బండగా ఉంటే జాయింట్లకు రాసిన గ్రీజు. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి నోట్‌బుక్ అట్టకు అతికించుకోండి. క్లోరోఫాంలో కాస్త ఆమ్లం చేరుతుంది కాబట్టి ఎసిటాల్ లాంటి సున్నితమైనవి ట్యూబులోనే విరిగిపోతాయి. సీసాలో కాస్త పొటాషియం కార్బొనేట్ వేసి ఉంచితే ఆ గొడవ తగ్గుతుంది.

ఇవన్నీ పుస్తకాల్లో ఉంటాయి. హైదరాబాద్ మే నెల మాత్రం పుస్తకాల్లో ఉండదు. డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకు మరుగుతుంది, డైక్లోరోమీథేన్ 39.6కు. ఏసీ లేని స్టోర్ రూములో మధ్యాహ్నం ఈథర్ సీసా మూత తిప్పితే బుస్సుమంటుంది. ముందు ఐసులో ఉంచి చల్లబడ్డాకే, హుడ్‌లోనే తెరవాలి. ఇంట్లో వాడే మామూలు ఫ్రిజ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, లోపలి థర్మోస్టాట్ స్పార్క్ చాలు అంటుకోవడానికి. సెపరేటింగ్ ఫన్నెల్‌లో డైక్లోరోమీథేన్, బైకార్బొనేట్ కలిపి కుదిపితే సాల్వెంట్ ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ రెండూ ఒత్తిడి పెంచుతాయి. ఒకసారి కలిపి, తలకిందులు చేసి, కాడ హుడ్ వైపు తిప్పి, స్టాప్‌కాక్ తెరిచి గాలి వదలండి. బుస్సుమనడం ఆగాకే గట్టిగా కుదపాలి.

రోటావాప్‌కు (సాల్వెంట్‌ను ఆవిరిచేసి తీసే యంత్రానికి) బాత్, ఆవిరి, చల్లనీళ్ల మధ్య ఒక్కోదానికి 20 డిగ్రీల తేడా ఉండాలి. బాత్ 50 అయితే ఆవిరి 30, కండెన్సర్ నీళ్లు 10. మే నెలలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు చేతికే వెచ్చగా తగులుతాయి. వాటితో నడిపితే డైక్లోరోమీథేన్ చుక్క కూడా రిసీవర్‌లో పడదు, అంతా పంపులోంచి గదిలోకే. చిల్లర్ లేకపోతే టబ్బులో ఐసు వేసి చిన్న సబ్‌మెర్సిబుల్ పంపుతో ఆ నీళ్లు తిప్పండి. కూలర్‌లో పెట్టే పంపు సరిపోతుంది.

జూన్‌లో వానలు మొదలయ్యాక ఇంకో తంటా, గాలిలో తేమ. మెగ్నీషియంతో చేసే గ్రిగ్నార్డ్ రియాక్షన్ మొదలవకపోవడానికి సగం కారణం అదే. ఫ్లాస్కు 120 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, నైట్రోజన్ కింద చల్లార్చాలి. మెగ్నీషియానికి ఒక అయోడిన్ పలుకు. సోడియం ఉన్న సాల్వెంట్ స్టిల్ దగ్గరికి స్కాలర్ లేకుండా వెళ్లకండి.

ఒంటిమీద కాటన్ కోటు, మూసిన చెప్పులు, కళ్లద్దాలు. సింథటిక్ చున్నీ వద్దు. అసిటోన్, క్లోరోఫాం ఒకే వేస్ట్ క్యాన్‌లో పోయకండి. క్షారం తగిలితే రెండూ ఉధృతంగా రియాక్ట్ అయి వేడెక్కి క్యాన్ పగిలిన సంఘటనలున్నాయి. నైట్రిక్ ఆమ్లం ఏ ఆర్గానిక్ వేస్ట్‌లోనూ పడకూడదు.

పాత_బ్యూరెట్

పై జవాబులన్నీ సరే కానీ, అందరూ పెద్ద క్యాంపస్ వైపే వేలు చూపిస్తున్నారు. నేను ఒప్పుకోను. రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లో ఎవరి రియాక్షన్‌కో మొదటి మెట్టు పదిసార్లు చేసి రావడం కంటే, కలరీమీటర్, పీహెచ్ మీటర్ ఉన్న మీ కాలేజీలోనే మీ సొంత ప్రశ్నతో ఒక చిన్న పని పూర్తిచేయడం మేలు. ఆరో సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ ఎంచుకునే వీలు ఎలాగూ ఉంటుంది, ఇప్పుడే మొదలుపెట్టి అందులో కలుపుకోవచ్చు.

బోరు నీళ్ల గట్టిదనం తీసుకోండి. ‘వాటర్ అనాలిసిస్’ అనగానే ముఖం చిట్లించకండి, చాలామంది చెడగొట్టిన అంశమే. ఐదు శాంపిల్స్ తెచ్చి ఐదు అంకెలు రాస్తే అది ప్రాక్టికల్, రీసెర్చ్ కాదు. ఒకే 15 బోర్లను వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి కొలిచి, లోతుతో పోల్చి, తేడా కొలత తప్పిదం కంటే ఎక్కువో కాదో తేలిస్తే అది రీసెర్చే.

పద్ధతి: శాంపిల్ 50 మి.లీ., పీహెచ్ 10 అమ్మోనియా బఫర్ 1 మి.లీ., చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ ఇండికేటర్, కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏతో టైట్రేషన్. ద్రాక్ష ఎరుపు పోయి స్వచ్ఛమైన నీలం వచ్చాకే ఆపాలి. ఊదా దగ్గర ఆపేవాళ్లే ఎక్కువ. 1 మి.లీ. ఈడీటీఏ అంటే 1 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్. కాబట్టి 22.4 మి.లీ. పడితే లీటరుకు 448 మి.గ్రా. తాగునీటికి బీఐఎస్ ప్రమాణం 10500 (2012) చెప్పేది లీటరుకు 200, వేరే నీళ్లు లేకపోతే 600 వరకు.

తప్పులు ఎక్కడ వస్తాయంటే: ఈడీటీఏను జింక్‌తోనో కాల్షియం కార్బొనేట్‌తోనో ప్రామాణీకరించకుండా, తూచిన బరువు నమ్మేయడం. అమ్మోనియా ఎగిరిపోయిన పాత బఫర్ వాడటం, అప్పుడు పీహెచ్ పడిపోయి ఎండ్‌పాయింట్ మసకబారుతుంది. ఇనుమో రాగో ఉన్న బోరైతే ఇండికేటర్ ఎర్రగానే బిగుసుకుపోతుంది. చివరి చుక్కలు తొందరపడి పోయడం, మెగ్నీషియం నెమ్మదిగా స్పందిస్తుంది, చుక్కకు చుక్కకు మధ్య కొన్ని సెకన్లు ఆగాలి. డిస్టిల్డ్ వాటర్‌తో బ్లాంక్ చేయకపోవడం. ప్రతి శాంపిల్‌కు మూడు రీడింగులు, 0.1 మి.లీ. లోపల కలవాలి. బోరు మోటారు వేసి ఐదు నిమిషాలు వదిలాకే పట్టాలి, లేకపోతే పైపులో నిలవున్న నీళ్లను కొలుస్తారు.

ఎన్‌ఎంఆరో ఇంకేదో పరికరం నిజంగా కావాల్సి వస్తే కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో హైదరాబాద్‌లో ఏ సంస్థలో ఏముందో వెతకొచ్చు. మీ లెక్చరర్ ఖాతాతో స్లాట్ బుక్ చేసుకుని, శాంపిల్‌కింత అని ఫీజు కట్టి పంపించొచ్చు.

డెస్క్_కెమిస్ట్

ల్యాబే దొరకకపోతే? లెక్కల గ్రూపు కదా మీది, కంప్యూటేషనల్ వైపు కూడా చూడండి. 8 జీబీ ర్యామ్, నాలుగు కోర్లున్న లాప్‌టాప్ చాలు. అణువుల లెక్కలు చేసే ఓర్కా సాఫ్ట్‌వేర్ అకడమిక్ వాడకానికి ఉచితం, రిజిస్టర్ చేసుకోవాలి. అణువును గీయడానికి అవొగాడ్రో.

మొదటి పని: చాల్కోన్ అణువులో కార్బొనైల్, డబుల్ బాండ్ ఒకే వైపున్న ఎస్-సిస్ రూపం, ఎదురెదురుగా ఉన్న ఎస్-ట్రాన్స్ రూపం. రెండింటినీ బీ3ఎల్‌వైపీ, డీ3బీజే, డెఫ్2-ఎస్‌వీపీ అనే లెక్కింపు పద్ధతితో ఆప్టిమైజ్ చేసి (తక్కువ శక్తి ఉన్న ఆకారం కనుక్కుని), ఫ్రీక్వెన్సీ కూడా నడపండి. ఒక్క ఫ్రీక్వెన్సీ నెగటివ్‌గా వచ్చినా అది మినిమమ్ కాదు, ఆ కదలిక దిశలో అణువును కాస్త జరిపి మళ్లీ నడపాలి. ట్రాన్సిషన్ స్టేట్‌కు మాత్రం సరిగ్గా ఒక్కటే ఉండాలి. శక్తి కొలమానం 1 హార్ట్రీ అంటే మోల్‌కు 627.5 కిలోకేలరీలు. దశాంశంలో మూడో స్థానం పోయిందంటే 0.6 కిలోకేలరీ పోయినట్టే, ఎక్కడా రౌండ్ చేయకండి.

కొత్తవాళ్లకు ఆగిపోయేది రెండుచోట్ల. మ్యాక్స్‌కోర్ అన్న మెమరీ పరిమితి ఒక్కో కోర్‌కు మెగాబైట్లలో. నాలుగు కోర్లకు 4000 పెడితే 16 జీబీ అడిగినట్టు, లాప్‌టాప్ కూలబడుతుంది. 1200 పెట్టండి. రెండోది, ఎక్కువ కోర్ల మీద నడపాలంటే ఓర్కాను దాని పూర్తి ఫోల్డర్ దారితో పిలవాలి, ఓపెన్‌ఎంపీఐ వెర్షన్ కూడా ఓర్కా అడిగినదే ఉండాలి. ఇలా రెండు మూడు అణువులు చేసి ఆ ఫలితం ఒక్క పేజీలో పెట్టి మెయిల్ రాస్తే, ‘నేర్చుకోవాలని ఆసక్తి’ అన్న మాట రాయనక్కర్లేదు.

సిలికా_100_200

@డెస్క్_కెమిస్ట్ చాల్కోన్ అన్నారు కాబట్టి, అదే చేత్తో కూడా చేయొచ్చు, డిగ్రీ ల్యాబ్‌లోనే. బెంజాల్డిహైడ్ 1.06 గ్రా., అసిటోఫీనోన్ 1.20 గ్రా., రెండూ 10 మిల్లీమోల్. ఇథనాల్ 5 మి.లీ., నీళ్లు 5 మి.లీ.లో సోడియం హైడ్రాక్సైడ్ అర గ్రాము. 20 డిగ్రీల చుట్టూ ఉంచి రెండు మూడు గంటలు కలపాలి. సిద్ధాంతపరంగా 2.08 గ్రా. రావాలి, మెల్టింగ్ పాయింట్ 55–57. బెంజాల్డిహైడ్ సీసా మూతి దగ్గర తెల్లటి పలుకులుంటే అది గాలికి బెంజోయిక్ ఆమ్లంగా మారింది. సోడియం కార్బొనేట్‌తో కడగకుండా వాడితే అది మీ క్షారాన్ని తినేస్తుంది. వేసవిలో ఐసు బాత్ లేకుండా చేస్తే పసుపు నూనెలా అడుగున చేరుతుంది, గడ్డకట్టదు. చల్లబరచి గాజు కడ్డీతో గోడను గీకండి, లేదా పాత బ్యాచ్ పలుకు ఒకటి వేయండి. గ్లవ్స్ తప్పనిసరి, చాల్కోన్ చర్మానికి మంట పుట్టిస్తుంది.

ఎంపీసీ_మూడోసెమ్

రేపే మా మేడమ్‌ని అకాడమీల ఫెలోషిప్ సిఫారసుకు అడుగుతాను. బోరు నీళ్లది కూడా, మా కాలనీలోనే పది దాకా బోర్లున్నాయి. ఒక్క చిన్న సందేహం: నోట్‌బుక్ ఎలా రాయాలి? మాకు రికార్డే అలవాటు, ముందు రఫ్‌లో రాసి తర్వాత ఫెయిర్ చేయడం.

ఫ్యూమ్‌హుడ్_పక్కన

రఫ్ వద్దు, ఫెయిర్ వద్దు. కుట్టిన నోట్‌బుక్, పేజీ నంబర్లు, పెన్నుతోనే, అప్పటికప్పుడే. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టండి, కింద ఏముందో కనపడాలి. వైట్‌నర్ పూయకూడదు. పైన తేదీ, రియాక్షన్ బొమ్మ. దాని కింద టేబుల్: పదార్థం, మాలిక్యులర్ వెయిట్, ఎంత తూచారు, మిల్లీమోల్, ఎన్ని ఈక్వివలెంట్లు, సీసా కంపెనీ, బ్యాచ్ నంబర్. తర్వాత చేసిందంతా గడియారం టైముతో: ‘10:40, క్షారం కలిపాను, పసుపు రంగు’. టీఎల్‌సీ ప్లేటు ఉన్న సైజులో గీసి, సాల్వెంట్ నిష్పత్తి పక్కన. 50 మి.గ్రా. అనుకుని 53 తూస్తే 53 అనే రాయాలి. ఎన్‌ఎంఆర్ ఫైలు పేరులో పేజీ నంబర్ పెట్టండి. పేజీ 27లో చేసిన కాంపౌండ్ ఫైలుకు 27 అన్న అంకె ఉంటే ఆరు నెలల తర్వాత కూడా మీ స్కాలర్ దాన్ని వెతుక్కోగలరు. వెళ్లేటప్పుడు నోట్‌బుక్ ల్యాబ్‌లోనే ఉండిపోతుంది, గైడ్‌ను అడిగి కావాల్సిన పేజీలు మాత్రమే ఫొటో తీసుకోండి.